దవడ పన్నుకు నాలుగు దారులు

మా కోనసీమలో ముందు పన్ను ఊడితే పెళ్ళి సంబంధాల దాకా మాట వెళ్ళేది. దవడ పన్ను ఊడితే ఇంట్లోవాళ్ళకు కూడా తెలిసేది కాదు. రెండోవైపు నమిలి సరిపెట్టుకునేవారు. మా నాన్నమ్మ తాటి తేగని రోట్లో దంచుకు తినేది. ఆత్రేయపురం పూతరేకుకి ఎలాగూ దవడతో పనిలేదు.

అందుకే ఇక్కడ దవడ పన్ను వైద్యం చాలాకాలం పీకెయ్యడం దగ్గరే ఆగిపోయింది. నొప్పెడితే లవంగనూనె దూది, తగ్గకపోతే వాకుడు కాయల పొగ. పొగకి పురుగు రాలి పడుతుందని నమ్మకం. పుప్పి పళ్ళలో అలాంటి పురుగు తనకెక్కడా కనిపించలేదని ఫ్రాన్స్‌లో పియర్ ఫోషార్ అనే దంతవైద్యుడు 1728లోనే రాశాడు. ఆ కబురు గోదారి దాటి మా ఊళ్ళకి రావడానికి రెండు శతాబ్దాలు చాలలేదు.

నేను బడికెళ్ళే రోజుల్లో అంతర్వేది తీర్థంలో ఒకాయన అద్దాల పెట్టెలో పళ్ళు పేర్చుకుని కూర్చునేవాడు. గులాబీరంగు పొడిలో ఘాటు వాసనేసే ద్రవం కలిపి, ఖాళీలో కూరి, పన్ను గుచ్చి, పక్క పళ్ళకి తీగతో బిగించేవాడు. ఆ ముద్ద అక్రిలిక్. 1850ల నుంచీ వాడుతున్న గట్టి రబ్బరుని పక్కకి నెట్టి, 1930ల చివర్లో కట్టుడు పళ్ళలోకి వచ్చిన సరుకు. సరుకులో దోషం లేదు, కట్టిన తీరులోనే ఉంది. తీగ కింద కూడు నిలిచి చిగురు వాచేది. అలా కట్టించుకున్నవాళ్ళకి కొద్ది నెలల్లోనే పక్కనున్న మంచి పళ్ళు రెండూ కదిలేవి.

అలాగని ఆ వృత్తిలో ఉన్నవాళ్ళందరూ దొంగలు కారు. కలకత్తాలో రఫీయుద్దీన్ అహ్మద్ 1920లో కాలేజీ పెట్టేదాకా దేశంలో దంతవైద్యం చదువుకునే చోటే లేదు. 1948 దంతవైద్యుల చట్టం కూడా, డిగ్రీ లేకపోయినా అయిదేళ్ళుగా అదే బతుకుతెరువుగా ఉన్నవాళ్ళని రిజిస్టరు ‘బి’ భాగంలో నమోదు చేసుకుంది. హైదరాబాదులో ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో వచ్చింది. మాకు మాత్రం యానాం దగ్గర బాలయోగి వారధి పడేదాకా కాకినాడ పెద్దాసుపత్రంటే ఎదుర్లంక రేవులో పంటు ఎక్కడమే. ఇప్పుడు అమలాపురంలోనే దంతవైద్య కళాశాల ఉంది.

కిందటేడు నా కింది దవడలో మొదటి పెద్ద పన్ను, రూట్ కెనాల్ చేయించిందే, నిలువునా చీలితే తీయించాను. డాక్టరుగారు చీటీ మీద నాలుగు దారులు రాసిచ్చారు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి, నాకు అందులో నాలుగు కాలాలు కనిపించాయి.

మొదటిది మా నాన్నమ్మ దారి, అలా వదిలెయ్యడం. ఇదీ తీసిపారేసేది కాదు. దవడ పళ్ళు కొన్ని లేకపోయినా చాలామందికి నమలడానికి ఇబ్బంది ఉండదని నెదర్లాండ్స్‌లో కైసర్ అనే దంతవైద్యుడు 1981లో చూపించాడు. కానీ అది చివరి పళ్ళ సంగతి. నాది మధ్య పన్ను. వెనకది ముందుకి ఒరుగుతుంది, పైది కిందికి దిగుతుంది.

రెండోది తీసిపెట్టుకునే పన్ను. చవక. పక్క పళ్ళని పెద్దగా అరగదీయక్కర్లేదు. రాత్రి తీసి కడుక్కునే ఓపిక కావాలి.

మూడోది బ్రిడ్జి. లోహం మీద పింగాణీ కాల్చే పద్ధతికి 1962లో అమెరికాలో పేటెంటు వచ్చాక ఊరూరా పాకింది. ఇది రెండు గట్లనీ చెక్కి వేసే వంతెన. నా పక్క పళ్ళు రెండింటికీ ఫిల్లింగైనా లేదు. ఒకదాని కోసం రెండు మంచి పళ్ళని క్యాపులకి అరగదీయడానికి మనసొప్పలేదు.

నాలుగోది ఇంప్లాంటు, దవడ ఎముకలోనే టైటానియం మర బిగించి దానిమీద పన్ను పెట్టడం. 1952లో స్వీడన్‌లో బ్రానెమార్క్ అనే పరిశోధకుడు కుందేళ్ళ ఎముకలో పెట్టిన టైటానియం గొట్టాలు తిరిగి ఊడిరాలేదు. 1965లో యోస్టా లార్సన్ అనే ఆయన దవడలో పెట్టినవి ఆయన పోయేదాకా, నలభయ్యేళ్ళు పనిచేశాయి. ఖరీదెక్కువ, నెలలు ఆగాలి. షుగరు అదుపులో లేనివాళ్ళకీ, చుట్ట మాననివాళ్ళకీ ఎముక పట్టడం అనుమానం. నాకు షుగరుంది. మూడు నెలల సగటు చూసి, కిందనున్న నరం ఎంత దూరమో స్కాన్‌లో కొలిచాకే డాక్టరుగారు సరేనన్నారు. నేనూ దానికే ఒప్పుకున్నాను.

కొత్తదని కాదు, పక్క పళ్ళ జోలికి పోదని. అవే పక్క పళ్ళకి ముందే క్యాపులుంటే బ్రిడ్జే వేయించుకునేవాణ్ణి. పోయిన పన్నుకి ఏం పెట్టాలో తేల్చేది పక్కనున్న పళ్ళే. ఇంకొక్క మాట. ఆ చోట ఏం పెట్టాలన్నది పన్ను తీయించుకోకముందే అడగండి. తీసిన రోజు నుంచే అక్కడి ఎముక తరగడం మొదలవుతుంది.