రిపుల్ రాక్: ఒక రాయి, ఒక పేలుడు, చేపల సంగతి

ఈసారి కెనడా చరిత్ర. వాక్యాలు చిన్నవిగా రాశాను, పైకి చదవండి.

కెనడా పడమటి తీరంలో, వాంకూవర్ దీవి పక్కన, సీమోర్ నేరోస్ అనే జలసంధి ఉంది. జలసంధి అంటే రెండు నేలల మధ్య ఇరుకైన నీటి దారి. దాని నడుమ రెండు శిఖరాల రాయి ఒకటి నీటి కింద దాగి ఉండేది. పేరు రిపుల్ రాక్. ఆటు సమయంలో దాని మీద మూడు మీటర్ల నీరు కూడా ఉండేది కాదు. చుట్టూ సుడిగుండాలు. 1875లో అమెరికా యుద్ధనౌక సరనాక్ అక్కడే మునిగింది. తరువాత చిన్నా పెద్దా కలిపి వందకు పైగా ఓడలు, పడవలు దెబ్బతిన్నాయి. కనీసం 110 మంది చనిపోయారు.

1943లో, 1945లో పైనుంచి రాయిని తొలవాలని చూశారు. ప్రవాహం పడవను నిలవనివ్వలేదు. అందుకని కింద నుంచి వెళ్లారు. పక్కనున్న మాడ్ దీవిలో బావిలా లోతుగా తవ్వారు. సముద్రం అడుగున సొరంగం వేసి, రాయి లోపలికి ఎక్కారు. రెండేళ్లకు పైగా పట్టింది. 1958 ఏప్రిల్ 5 ఉదయం దాదాపు 1,270 టన్నుల మందు పేల్చారు. కెనడా జనం టీవీలో ప్రత్యక్షంగా చూశారు. ఇప్పుడు రాయి మీద ఆటులో కూడా సుమారు 14 మీటర్ల నీరుంటుంది.

ఈ కథ చెబితే పిల్లలు వెంటనే అడుగుతారు: "మరి చేపలో?"

చాలా చేపల కడుపులో గాలి తిత్తి ఉంటుంది. నీటిలో కావలసిన లోతున నిలవడానికి అది సాయం చేస్తుంది. పేలుడు పీడనం తగిలితే తిత్తి ఒక్కసారిగా నొక్కుకుని, వెంటనే ఉబ్బి, చిట్లిపోతుంది. పక్కనున్న కాలేయం, మూత్రపిండాలు కూడా దెబ్బతింటాయి. పైకి గాయం కనబడకపోవచ్చు. తిత్తి లేని పీతలు, నత్తలు ఎక్కువ తట్టుకుంటాయి. తిమింగలాలకు చెవులు, ఊపిరితిత్తులు దెబ్బతినే ప్రమాదం ఉంది.

కెనడా మత్స్య శాఖ 1998లో మార్గదర్శకాలు ఇచ్చింది. చేప తిత్తిలో పీడనం 100 కిలోపాస్కల్‌లకు మించి మారకూడదని అవి చెప్పాయి. ఇది మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత. అందుకే ఇప్పుడు మందును మిల్లీసెకన్ల తేడాతో కొంచెం కొంచెంగా పేలుస్తారు. రంధ్రం నోరు కంకరతో మూస్తారు. నీటిలో గాలి బుడగల తెర వేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలం తప్పిస్తారు.

ఆ రాయిని తీసేయడం తప్పని నేననను. 110 ప్రాణాలు తక్కువ కాదు. కానీ ఓడలు పోయే ఆ దారిలోనే సాల్మన్ చేపలు కూడా ఫ్రేజర్ నదికి తిరిగి వెళతాయి. దారి ఇద్దరిదీ. లెక్క వేసేటప్పుడు ఇద్దరినీ వేయాలి.

ఈ వారం మాటలు: జలసంధి, సొరంగం, సుడిగుండం, పీడనం, తిత్తి. ఒక్కొక్కదానితో ఒక వాక్యం రాసి చూడండి.