ఎడమ వెనక పాదం

1972లో తొలిసారి దేశమంతా లెక్కపెట్టి మన పులులు 1,827 అని తేల్చారు. దాదాపు 1,800 అనలేదు, సరిగ్గా 1,827. మనిషి కంట పడకుండా తిరగడమే బతుకైన జంతువుకి ఇంత కచ్చితమైన సంఖ్య ఎలా వచ్చింది?

పాదముద్రలతో. ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి 1960ల్లో తయారుచేసిన పద్ధతి అది. ఫారెస్టు గార్డులు బాటల వెంట తిరిగి, ఎడమ వెనక పాదం ముద్ర మీద గాజుపలక పెట్టి దాని అంచు గీసుకునేవారు. వేరువేరు ముద్రలెన్నో పులులన్ని. ఖర్చు తక్కువ, పైగా గార్డు అడవిని కాలినడకన చూస్తాడు. ఆ లాభాన్ని కొట్టిపారేయలేం. కానీ ఒకే పులి ఇసుకలో ఒకలా, బురదలో ఇంకోలా ముద్ర వేస్తుంది. మన నల్లమల లాంటి రాతినేలలో చాలాచోట్ల ముద్రే పడదు.

చెరువులో వంద చేపల్ని పట్టి, గుర్తుపెట్టి వదిలారనుకోండి. మళ్ళీ వల వేస్తే పడ్డ వందలో ఇరవైకి గుర్తుంది. అంటే చెరువులో సుమారు ఐదువందలు. చూడనివాటిని కూడా లెక్కలోకి తెచ్చే ఉపాయమిది. 1990ల్లో ఉల్లాస్ కారంత్ కర్ణాటకలోని నాగరహొళెలో దీన్నే పులులకు వాడారు. వల బదులు కెమెరా. గుర్తు పెట్టే పని కూడా లేదు, ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కదా.

అయినా గాజుపలకలు ఆగలేదు. 2004లో రాజస్థాన్‌లోని సరిస్కాలో, కాగితం మీద, పదహారు పులులకు తక్కువ లేవు. వెతికితే ఒక్కటీ దొరకలేదు. వేటగాళ్ళు ఊడ్చేశారు. తప్పంతా పద్ధతిదే అనను. పులులు పెరిగితే పేరొచ్చే శాఖే పులుల్ని లెక్కపెడుతుంటే సంఖ్య తగ్గడం కష్టం.

2002లో 3,642. కొత్త పద్ధతిలో 2006కి 1,411, అదీ సుందర్బన్స్ లేకుండా. రెండు వేరువేరు కొలబద్దలు, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి ఇన్ని పులులు పోయాయనడం కుదరదు. నాకు నచ్చింది 1,411 పక్కన ఉన్న మాట: 1,165 నుంచి 1,657 మధ్య. ఎంత తెలీదో కూడా చెప్పిన లెక్క!

అలాగని పేచీ తీరిపోలేదు. అడవంతా కెమెరాలు పెట్టలేరు. కొన్నిచోట్ల పెట్టి, మిగతాచోట్ల పాదముద్రలు, పెంట, జింకల సంఖ్య చూసి అంచనా కడతారు. ఆ రెండో మెట్టు దగ్గర కారంత్ ఒప్పుకోరు.