గ్రామ ఆరోగ్య సమితి: దూరపు పేటల మాట వినవలసిన చోటు

ఊరికి దూరంగా ఉన్న దళితవాడకు, కొండ మీది గూడేనికి, వలస కూలీల గుడిసెలకు వైద్యం ఎందుకు చేరడం లేదో అక్కడివారే చెప్పగలరు. ఆరోగ్య సేవల ప్రణాళికలోను, అమలులోను పాల్గొనడం ప్రజల హక్కు, కర్తవ్యం కూడా అని 1978 నాటి ఆల్మా ఆటా ప్రకటన పేర్కొన్నది.

గడ్చిరోలి అనుభవం

తెలంగాణను ఆనుకొని ఉన్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఇందుకు నిదర్శనం. డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు అక్కడ 'సెర్చ్' సంస్థను స్థాపించారు. ఆసుపత్రికి ఎందుకు రావడం లేదని గోండులను అడుగగా, వైద్యుల తెల్లని దుస్తులు శవవస్త్రాన్ని తలపిస్తాయని, రోగి చెంత అయినవారిని ఉండనివ్వరని వారు తెలిపారు. ఆ మాటల ననుసరించి గోండు పల్లెను పోలిన ఆసుపత్రిని నిర్మించి, వారు కొలిచే దంతేశ్వరి పేరు పెట్టారు. ఇదే సంస్థ 39 గ్రామాలలో స్థానిక మహిళలకు నవజాత శిశు సంరక్షణలో శిక్షణ నిచ్చింది. అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్లు 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. 2011లో ఇంటివద్ద శిశు సంరక్షణ జాతీయ కార్యక్రమమైంది.

సరిహద్దు రాష్ట్రాలలో

2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ప్రారంభమైంది. దాని క్రింద 2007-2009 మధ్య తొమ్మిది రాష్ట్రాలలో ప్రజా పర్యవేక్షణను ప్రయోగాత్మకంగా చేపట్టారు. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశాలు వాటిలో ఉన్నాయి. గ్రామస్థులు తమకు అందుతున్న సేవలను ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులతో అంచనా వేసి, ఆ పట్టికలను బహిరంగ సభలలో అధికారుల ముందుంచారు.

సమితి నియమాలు

2013 నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సమితిలో కనీసం 15 మంది సభ్యులుండాలి. వారిలో సగం మంది మహిళలు కావాలి. ప్రతి శివారు పేటకు ప్రాతినిధ్యం ఉండాలి. ఆశా కార్యకర్త సభ్య కార్యదర్శి. సమావేశం నెలనెలా జరగాలి. ఒడిశాలో దీనిని గావ్ కల్యాణ సమితి అంటారు.

అడుగవలసినవి

తమ పేట నుండి సభ్యులెవరు? సమావేశం కూలి పని వేళలో జరుగుతున్నదా? ఏ ఇంటి బిడ్డకు టీకా అందలేదు, ఏ గర్భిణిని ఎవరూ పరీక్షించలేదు? ఇవి తీర్మాన పుస్తకంలో నమోదు కావాలి. నోటిమాటగా చెప్పినది తదుపరి నెలకు మరుగున పడుతుంది. ఆ పుస్తకం కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో ఉన్నచోట, వ్రాసినది తెలుగులో చదివి వినిపించమని కోరడం మేలు. తన మాట ఎలా నమోదైనదో తెలిసిన తల్లి మరుసటి సభలో దాని సంగతి నిలదీసి అడుగగలదు.