ఒక సలహాకు ప్రతిపదార్థం: ఆటోకరెక్ట్ ఎంట్రీల తరలింపు

కంప్యూటర్ మార్చినప్పుడో, ఎంఎస్ ఆఫీస్ పాత వెర్షన్ తీసేసి కొత్తది వేసుకున్నప్పుడో, వర్డ్‌లో ఏళ్ల తరబడి చేర్చుకున్న ఆటోకరెక్ట్ జాబితా సంగతేమిటని అడిగితే సాధారణంగా దొరికే సలహా ఒక్క వాక్యం:

“వర్డ్‌ను మూసి, ఏసీఎల్ ఫైలును కాపీ చేసి, కొత్త కంప్యూటర్‌లో అదే చోట పెడితే ఆటోకరెక్ట్ ఎంట్రీలన్నీ వచ్చేస్తాయి.”

ఇది చాలావరకు నిజమే. అయితే దీన్ని ఉన్నదున్నట్టు పాటించినవారు జాబితాలో కొంత భాగాన్ని, ఒక్కోసారి ఎక్కువ భాగాన్ని, పోగొట్టుకోవచ్చు. ఎందుకో తెలియాలంటే ఒక్కో మాటా పట్టుకుని చూడాలి. వాక్యక్రమంలో కాకుండా అన్వయక్రమంలో వెళదాం.

ఆటోకరెక్ట్ ఎంట్రీలు — ఒక్కో ఎంట్రీకి రెండు భాగాలు: మనం కొట్టేది, దాని స్థానంలో రావాల్సింది. ఈ సదుపాయం 1993లో వర్డ్ 6తో వచ్చింది. అంతకుముందు వర్డ్‌లో గ్లాసరీ ఉండేది. పొట్టి మాట ఒకటి కొట్టి ఎఫ్3 నొక్కితే, ముందే దాచిపెట్టిన పాఠం దిగేది. ఎఫ్3 లేకుండా స్పేస్ నొక్కగానే ఆ పని జరిగిపోతే టైపింగ్ తప్పులు రాసేవారి ప్రమేయం లేకుండానే సరి అవుతాయని గ్రహించినవాడు మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డీన్ హచమోవిచ్. అప్పటినుంచి తప్పులు దిద్దే జాబితాగా ఇది ప్రసిద్ధి. కానీ రాతే వృత్తిగా ఉన్నవారికి ఇది సంక్షిప్త లిపి. కోర్టు కాగితాలు టైపు చేసేవారు ‘వాన్యా’ అని కొడితే ‘వాది తరఫు న్యాయవాది’ అని పడేలా పెట్టుకోవచ్చు. అనువాదకులు తమ పారిభాషిక పదాలన్నీ ఇందులో పేర్చుకోవచ్చు. అలాంటి జాబితా ఎవరికివారు పనిచేస్తూ కూర్చుకున్న నిఘంటువు. మళ్లీ మొదటినుంచి రాసుకోవచ్చులే అనేవారు దాని విలువ ఎరగరు.

కొలతలు కూడా ఇక్కడే చెప్పుకోవాలి, తరువాత పనికొస్తాయి. కొట్టే భాగం 31 క్యారెక్టర్లు దాటకూడదు. రావాల్సిన భాగం మామూలు పాఠమైతే 255 వరకే. ఈ లెక్క యూనికోడ్ సంకేతాల లెక్క. ‘రంగారెడ్డి’ మన కంటికి నాలుగక్షరాలు. అచ్చు గుర్తులు, సున్న, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కపెట్టే కంప్యూటర్‌కు 10. కాబట్టి తెలుగులో రాసే ఎంట్రీ ఆ 255 హద్దును మనం అనుకున్నదానికంటే చాలా ముందే తాకుతుంది.

వర్డ్‌ను మూసి — వర్డ్ ఒక్కదాన్ని మూస్తే చాలదు. ఈ జాబితాను ఎక్సెల్, పవర్‌పాయింట్, అవుట్‌లుక్ కూడా వాడుకుంటాయి. వాటిలో ఏదైనా తెరిచి ఉండగా ఫైలు మారిస్తే, మూసే సమయంలో అది తన దగ్గరున్న పాత జాబితాను మళ్లీ రాసేయవచ్చు. రోజంతా తెరిచే ఉంచే అవుట్‌లుక్‌ను చాలామంది మరిచిపోతారు.

ఏసీఎల్ ఫైలు — అసలు చిక్కు ఈ మాటలోని ఏకవచనం. సలహాలన్నీ ‘ఎంఎస్ఓ1033.ఏసీఎల్’ అనే పేరు చెబుతాయి. అందులోని 1033 వెర్షన్ సంఖ్య కాదు, భాష సంఖ్య. విండోస్‌లో ప్రతి భాషకూ, ఆ భాషకున్న ప్రతి ప్రాంతీయ రూపానికీ ఒక సంఖ్య ఉంటుంది. 1033 అమెరికా ఇంగ్లీషు. బ్రిటన్ ఇంగ్లీషు 2057. ఇండియా ఇంగ్లీషు 16393. తెలుగు 1098. జాబితా భాషవారీగా ఉంటుంది కాబట్టి ఫైళ్లూ భాషవారీగానే పుడతాయి. వర్డ్‌తో పాటు వచ్చే జాబితాకు మన సొంత మార్పు ఒకటి చేర్చాకే ఆ భాషకు మన పేరిట ఫైలు తయారవుతుంది.

ఇది మనవాళ్లకు ఎంత ముఖ్యమో చూడండి. తెలుగు కీబోర్డు ఎంచుకుని కొట్టిన పాఠానికి వర్డ్ తెలుగు అని గుర్తు వేసుకుంటుంది. కర్సర్ ఆ పాఠంలో ఉండగా ఆటోకరెక్ట్ పెట్టె తెరిస్తే పై పట్టీలో భాష పేరు కనిపిస్తుంది. అప్పుడు చేర్చినది ఆ భాష జాబితాలోకి వెళ్తుంది. ఇంగ్లీషు కీబోర్డు మార్చకుండా, వేరే లిప్యంతరీకరణ పరికరంతో తెలుగు రాసేవారి ఎంట్రీలు 1033లోకే చేరి ఉండవచ్చు. ప్రూఫింగ్ భాషను ఇండియా ఇంగ్లీషుగా పెట్టుకున్నవారికి 1033లో దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి ‘ఎంఎస్ఓ’తో మొదలై ‘ఏసీఎల్’తో ముగిసే ఫైళ్లు ఎన్ని కనిపిస్తే అన్నీ తీసుకోవాలి. ఏది అక్కర్లేదో తరువాత తేల్చుకోవచ్చు.

తెలుగు జాబితా పోతే నష్టం ఇంకా పెద్దది, కారణం మన భాష స్వభావమే. ఆటోకరెక్ట్ మొత్తం మాటను చూస్తుంది, మాటలో భాగాన్ని చూడదు. ‘సాఫ్ట్వేర్’ అని కొడితే వత్తు కిందికి దిగకుండా ‘సాఫ్ట్‌వేర్’ అని విడిగా పడాలని ఎంట్రీ పెట్టుకున్నామనుకోండి. ‘సాఫ్ట్వేర్లో’, ‘సాఫ్ట్వేర్కి’, ‘సాఫ్ట్వేర్ను’ దానికి వేరే మాటలు. ఒక్కోదానికీ ఒక్కో ఎంట్రీ రాయాలి. విభక్తులన్నీ విడివిడిగా రాసుకున్నవారి ఓపిక ఆ 1098 ఫైలులో ఉంటుంది.

అదే చోట — ‘అదే’ అన్నది ప్రతి వెర్షన్‌కూ నిజం కాదు. వర్డ్ 97 కాలంలో ఈ ఫైలు విండోస్ ఫోల్డర్‌లో, వాడకందారు పేరుతో ఉండేది. ఎక్స్‌పీలో అది ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ కింద, వాడకందారు పేరున్న ఫోల్డర్‌లోని ‘అప్లికేషన్ డేటా’లో ఉండేది. విస్టా నుంచి ‘యూజర్స్’ కింద ‘యాప్‌డేటా’, దానిలో ‘రోమింగ్’, ‘మైక్రోసాఫ్ట్’, ‘ఆఫీస్’. యాప్‌డేటా దాచి ఉంచే ఫోల్డర్ కాబట్టి మామూలుగా వెతికితే కనిపించదు. రన్ పెట్టెలో యాప్‌డేటా అనే మాటను ఇంగ్లీషు అక్షరాల్లో, రెండు పర్సెంట్ గుర్తుల మధ్య కొడితే నేరుగా రోమింగ్‌లోకే తీసుకెళ్తుంది. ఆ దారిలో వెర్షన్ సంఖ్య లేదు గనుక, ఒకే కంప్యూటర్‌లో పాత వెర్షన్ మీద కొత్తది వేసుకున్నవారికి మామూలుగా తరలింపు అవసరమే రాదు.

కాపీ చేసి పెడితే — ఇది కలపడం కాదు, మార్చడం. పాత ఫైలు వచ్చి కొత్తదాని మీద కూర్చుంటుంది. కొత్త కంప్యూటర్‌లో ఈలోగా చేర్చినవి పోతాయి. ఏసీఎల్ మనం తెరిచి చదివి దిద్దగలిగే పాఠం ఫైలు కాదు, కాబట్టి రెంటినీ చేత్తో కలపలేం. అందుకని అక్కడ ముందే ఉన్న ఫైలుకు పేరు మార్చి పక్కన ఉంచాలి.

అన్నీ — వాక్యంలో పూర్తిగా సరికాని మాట ఇదే. ఏసీఎల్‌లో ఉండేవి మామూలు పాఠం ఎంట్రీలు మాత్రమే. ఎంట్రీ చేర్చేటప్పుడు ‘ఫార్మాటెడ్ టెక్స్ట్’ ఎంచుకుంటే, అంటే ఫాంటు, రంగు, బొమ్మ, పట్టిక, పేరాల అమరిక సహా దాచుకుంటే, అది వర్డ్ మూల టెంప్లేట్‌లో చేరుతుంది. వర్డ్ 2003 వరకు దాని పేరు నార్మల్.డాట్, 2007 నుంచి నార్మల్.డాట్ఎం. ఎక్సెల్‌లో ఆ ఎంట్రీలు కనిపించకపోవడానికి కారణం ఇదే. 255 దాటిన పాఠం మామూలుగా దాగదని పైన చెప్పుకున్నాం. అంటే పొడవాటి ఎంట్రీలన్నీ, తిరిగి టైపు చేయడానికి ఎక్కువ శ్రమపడాల్సినవన్నీ, ఈ టెంప్లేట్‌లోనే ఉంటాయి. ఏసీఎల్ ఒక్కటే కాపీ చేసినవారికి పొట్టివి వచ్చి పొడవువి రాకపోవడం ఇందువల్లనే.

అను వంటి పాత ఫాంట్లతో పనిచేసినవారికి ఈ తేడా మరింత గట్టిగా తగులుతుంది. ఆ పద్ధతిలో ఫైలులో ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతమే; ఫాంటు దానికి తెలుగు రూపం తొడుగుతుంది. వాక్యం మొదటి అక్షరాన్ని ఆటోకరెక్ట్ పెద్దక్షరం చేస్తే అక్కడ మరో తెలుగు రూపం పడుతుంది. అలాంటి పాఠాన్ని మామూలు ఎంట్రీగా దాచితే ఫాంటు ఊడిపోయి అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు మిగులుతాయి. ఫార్మాట్‌తో దాచితేనే తెలుగు నిలుస్తుంది, అంటే అది నార్మల్.డాట్‌లోనే ఉంటుంది.

మరి నార్మల్‌ను కూడా కాపీ చేస్తే? చేయవచ్చు, కొత్త కంప్యూటర్‌లో ఇంకా ఏమీ మార్చుకోకముందైతే అదే తేలిక. మార్చుకుని ఉంటే అక్కడి స్టైళ్లు, మాక్రోలు, కీబోర్డు షార్ట్‌కట్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. వర్డ్‌లోని ఆర్గనైజర్ ఒక టెంప్లేట్ నుంచి మరోదానికి స్టైళ్లను, మాక్రోలను మోస్తుంది గానీ ఆటోకరెక్ట్ ఎంట్రీలను మోయదు. అక్కడ మిగిలే మంచి దారి మాక్రో. వర్డ్ 2003 రోజుల్లో సపోర్ట్.డాట్ అనే టెంప్లేట్‌లో ఇందుకోసమే ఒక మాక్రో ఉండేది. అది జాబితాను ఒక డాక్యుమెంట్‌లో మూడు నిలువు వరుసల పట్టికగా రాసేది: కొట్టేది, వచ్చేది, ఫార్మాట్ ఉందా లేదా. రెండో కంప్యూటర్‌లో ఆ పట్టికను చదివి ఒక్కొక్కటిగా చేర్చేది. ఈ పద్ధతి ఉన్నదాన్ని తుడిచేయదు, కలుపుతుంది. ఇవాళ మాక్రోలు రాసే భాష వీబీఏ కొద్దిగా తెలిసినవారు ఇలాంటిది సొంతంగా రాసుకోవచ్చు: మామూలు ఎంట్రీకి ‘యాడ్’, ఫార్మాట్ ఉన్నదానికి ‘యాడ్‌రిచ్‌టెక్స్ట్’ అనే ఆదేశాలున్నాయి.

నా అభిప్రాయంలో ఏసీఎల్ కాపీ కంటే ఆ పట్టికే విలువైనది. మనిషి చదవగలిగే రూపంలో ఉంటుంది. పనికిరాని ఎంట్రీలు ఏరేయవచ్చు, తప్పులు దిద్దవచ్చు, కింద పనిచేసే కుర్రవాడికి ఇవ్వవచ్చు. వర్డ్ వదిలి లిబ్రే ఆఫీస్‌కు వెళ్లినా పనికొస్తుంది. అక్కడి జాబితా ‘ఎకార్’ అనే మాటతో మొదలై భాష పేరుతో సాగే డీఏటీ ఫైలు. నిజానికి అది జిప్. లోపలి ఎక్స్‌ఎంఎల్‌లో జతలన్నీ విప్పి చూడవచ్చు.

వచ్చేస్తాయి — వచ్చాయో లేదో మూడు ఎంట్రీలు కొట్టి చూడాలి: ఒక ఇంగ్లీషుది, తెలుగు కీబోర్డుతో ఒక తెలుగుది, ఫార్మాట్ ఉన్న పొడవాటిది ఒకటి. మొదటిది రాకపోతే ఫైలు వేరే చోట పెట్టారు, లేదా వెనక అవుట్‌లుక్ తెరిచి ఉంది. రెండోది రాకపోతే 1098 ఫైలు పాత కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. మూడోది రాకపోతే నార్మల్ రాలేదు. ఈ మూడూ పడేదాకా పాత హార్డ్ డిస్కును ఫార్మాట్ చేయనివ్వకండి.