పట్టాలు లేని పాఠశాలలో విద్యార్థుల పండుగ

పాఠశాల వార్షికోత్సవం అనగానే సాధారణంగా స్ఫురించేది బహుమతి ప్రదానం. తరగతికి ప్రథముడెవరు, పదో తరగతిలో అత్యధిక మార్కులు ఎవరివి, ఆటల పోటీల్లో విజేత ఎవరు అన్న ప్రకటనల చుట్టూ ఆ సాయంత్రం సాగుతుంది. వేదిక ఎక్కేవారు కొద్దిమంది, చప్పట్లు కొట్టేవారు ఎక్కువమంది. పుదుచ్చేరి పట్టణంలో ఏటా డిసెంబరు 1, 2 తేదీల్లో జరిగే ఒక పాఠశాల వార్షికోత్సవం ఇందుకు భిన్నమైనది. శ్రీ అరవింద అంతర్జాతీయ విద్యాకేంద్రం తన విద్యార్థులకు డిగ్రీలు గానీ, డిప్లొమాలు గానీ ప్రదానం చేయదు. అయినప్పటికీ విద్యార్థుల కృషిని ఏడు దశాబ్దాలకు పైగా ఏటేటా ఉత్సవంగా జరుపుకొంటోంది. విద్యార్థి సాధన అంటే ఏమిటి, దానిని ఏ విధంగా గౌరవించాలి అన్న ప్రశ్నకు ఈ సంస్థ అనుభవం ఒక విశిష్టమైన సమాధానం.

యుద్ధకాలంలో పుట్టిన బడి

పుదుచ్చేరికి పాఠశాల విద్యలో సుదీర్ఘ చరిత్ర ఉంది. నేటి ఫ్రెంచ్ లీసె మూలాలు 1826 నాటివి. పెతీ సెమినేర్ పాఠశాల 1844లో, కల్వే కళాశాల పేరుతో ప్రసిద్ధమైన పాఠశాల 1877లో ఏర్పడ్డాయి. ఫ్రెంచ్ విద్యా సంప్రదాయంలో సంవత్సరాంతపు బహుమతి ప్రదానోత్సవానికి ప్రత్యేక స్థానం ఉండేది. ప్రతిభావంతులకు పుస్తకాలు బహూకరించడం ఆ సంప్రదాయంలో భాగం.

ఇటువంటి పట్టణంలో శ్రీ అరవిందాశ్రమ పాఠశాల 1943 డిసెంబరు 2న ప్రారంభమైంది. దాని వెనుక ముందుగా రూపొందించిన పెద్ద ప్రణాళిక ఏదీ లేదు. 1926లో ఏర్పడిన ఆశ్రమం తొలినాళ్లలో సాధకులకు మాత్రమే పరిమితమై ఉండేది, పిల్లలకు ప్రవేశం ఉండేది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ సేనలు భారత సరిహద్దులను సమీపించడంతో, బెంగాల్ తదితర ప్రాంతాల భక్తులు కుటుంబాలతో పుదుచ్చేరిలో ఆశ్రయం కోరారు. వారితో పాటు పిల్లలు వచ్చారు. వారికి చదువు చెప్పవలసిన అవసరం ఏర్పడింది. శ్రీమాతగా ప్రసిద్ధురాలైన మీరా అల్ఫాస్సా సుమారు ఇరవై మంది పిల్లలతో బడిని ఆరంభించి, తాను కూడా ఒక ఉపాధ్యాయురాలిగా పాఠాలు చెప్పారు.

శ్రీ అరవిందులు 1950 డిసెంబరు 5న దేహత్యాగం చేశారు. ఆ ఏటి పాఠశాల ఉత్సవాలు ముగిసి అప్పటికి మూడు రోజులే. ఆయన స్మృత్యర్థం 1951 ఏప్రిల్ 24న పుదుచ్చేరిలో సమావేశమైన సదస్సు అంతర్జాతీయ విశ్వవిద్యాలయ కేంద్రాన్ని నెలకొల్పాలని తీర్మానించింది. 1952 జనవరి 6న శ్రీమాత ఆ కేంద్రాన్ని ప్రారంభించారు. 1959లో దానికి శ్రీ అరవింద అంతర్జాతీయ విద్యాకేంద్రం అన్న ప్రస్తుత నామం స్థిరపడింది.

పరీక్షల్లో నెగ్గినవారి ఆలోచన

పట్టాలు వద్దన్న సంస్థకు ప్రేరణగా నిలిచిన శ్రీ అరవిందులు పరీక్షల్లో వెనుకబడినవారు కారు. ఇంగ్లండులో చదువుతుండగా 1890లో ఐసీఎస్ ప్రవేశ పరీక్షలో 11వ స్థానం సాధించారు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో గ్రీకు, లాటిన్ రచనలకు బహుమతులు అందుకున్నారు. అక్కడి ట్రైపోస్ పరీక్ష మొదటి భాగంలో ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణులైనా డిగ్రీ పట్టా తీసుకోలేదు. గుర్రపు స్వారీ పరీక్షకు హాజరు కాకపోవడంతో 1892లో ఐసీఎస్ అవకాశం చేజారింది. ఆ ఉద్యోగంపై ఆయనకు అప్పటికే ఆసక్తి సన్నగిల్లింది.

అనంతరం ఆయన బరోడాలో అధ్యాపకులుగా పనిచేశారు. 1906లో కలకత్తాలోని బెంగాల్ జాతీయ కళాశాలకు తొలి ప్రిన్సిపాల్ అయ్యారు. 1910లో పుదుచ్చేరి చేరడానికి ముందే జాతీయ విద్యపై వ్యాసాలు వెలువరించారు. జ్ఞానాన్ని బయటి నుంచి నింపడం సాధ్యం కాదనీ, విద్యార్థిలో ఉన్నదానిని వెలికి తెచ్చుకోవడానికి తోడ్పడే మార్గదర్శియే ఉపాధ్యాయుడనీ వాటి సారాంశం. ప్రతి బిడ్డ ఎదుగుదల మార్గం వేరైనప్పుడు, అందరినీ ఒకే కొలబద్దతో కొలిచి వరుస సంఖ్య ఇవ్వడానికి అర్థం లేదన్నది ఈ భావనకు సహజమైన కొనసాగింపు.

తెలుగువారికి ఈ చరిత్రతో ఒక బంధం ఉంది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948 డిసెంబరు 11న జరిగిన స్నాతకోత్సవంలో సర్ కట్టమంచి రామలింగారెడ్డి జాతీయ బహుమతిని శ్రీ అరవిందులకు ప్రకటించింది. విద్యాసంస్థల నుంచి పట్టా కోరని మనీషిని ఒక తెలుగు విశ్వవిద్యాలయం స్నాతకోత్సవ వేదికపై గౌరవించడం విశేషం. ఆ సందర్భంగా ఆయన పంపిన సందేశంలో భాషా ప్రాతిపదికన రాష్ట్రాల ఏర్పాటు ప్రస్తావన కూడా ఉంది.

తరగతి గదిలో స్వేచ్ఛా ప్రగతి

విద్యాకేంద్రంలో శిశు తరగతుల నుంచి ఉన్నత కోర్సు వరకు ఉన్నాయి. మాధ్యమిక విభాగానికి 'ఆనవాఁ వేర్ లా పెర్ఫెక్సియోఁ' అని పేరు. 'ముందుకు, పరిపూర్ణత వైపు' అని ఆ ఫ్రెంచ్ మాటలకు అర్థం. గణితం, విజ్ఞాన శాస్త్రాల బోధన ఫ్రెంచ్‌లోనూ, ఇతర విషయాలు ప్రధానంగా ఆంగ్లంలోనూ సాగుతాయి. మాతృభాషకు, సంస్కృతానికి కూడా స్థానం ఉంది.

ఇక్కడి బోధనా పద్ధతిని 'స్వేచ్ఛా ప్రగతి' అంటారు. వయసు పెరిగే కొద్దీ విద్యార్థికి ఎంపిక స్వేచ్ఛ విస్తరిస్తుంది. ఏ విషయాన్ని ఎంత లోతుగా, ఏ వేగంతో చదవాలన్నది ఉపాధ్యాయులతో సంప్రదించి నిర్ణయించుకుంటారు. శారీరక, ప్రాణిక, మానసిక, చైత్య, ఆధ్యాత్మిక అంశాలు ఐదూ కలిస్తేనే విద్య సమగ్రమవుతుందని శ్రీమాత తన వ్యాసాల్లో వివరించారు. ఇక్కడ ప్రాణికం అంటే కోరికలు, ఉద్వేగాలు, కళాభిరుచికి సంబంధించిన శిక్షణ. చైత్యం అంటే అంతరాత్మను ఎరుకపరచుకోవడం.

అందరినీ ఒకచోట కూర్చోబెట్టి నిర్వహించే పరీక్షల ద్వారా పిల్లల అవగాహన నిజంగా తెలియదన్నది ఆమె అభిప్రాయం. ప్రతి విద్యార్థినీ దగ్గరగా గమనించి తెలుసుకోవడం ఉపాధ్యాయుని బాధ్యత అని ఆమె భావించారు. ఉపాధ్యాయునికి ఇది పరీక్ష పెట్టడం కన్నా కష్టమైన పని. జవాబు పత్రం దిద్దడానికి కొన్ని నిమిషాలు చాలు, ఒక బిడ్డను తెలుసుకోవడానికి నెలలు పడుతుంది.

డిసెంబరు 1: రంగస్థలం

వార్షికోత్సవంలో తొలి రోజు సాంస్కృతిక కార్యక్రమానిది. ఆశ్రమ రంగశాలలో విద్యార్థులు నాటకం, నృత్యం, సంగీతం ప్రదర్శిస్తారు. ఈ సందర్భం కోసం శ్రీమాత స్వయంగా ఫ్రెంచ్‌లో నాటికలు సమకూర్చారు. వాటిలో 1954 నాటి 'మహా రహస్యం' ఈ పాఠశాల దృక్పథానికి అద్దం పడుతుంది.

మానవ ప్రగతిపై జరిగే ప్రపంచ సదస్సుకు ఓడలో వెళుతున్న ప్రముఖులు ప్రమాదానికి గురై ఒక చిన్న పడవలో మిగులుతారు. వారు రాజకీయవేత్త, రచయిత, శాస్త్రవేత్త, కళాకారుడు, పారిశ్రామికవేత్త, క్రీడాకారుడు. వారితో పాటు ఒక అపరిచితుడు కూడా ఉంటాడు. మృత్యువు ముంగిట ఒక్కొక్కరూ తమ జీవితాన్ని నెమరువేసుకుంటారు. తమ రంగంలో శిఖరాన్ని చేరినవారే అయినా ప్రతి ఒక్కరిలో తీరని వెలితి వ్యక్తమవుతుంది. విజయం వద్దని ఈ నాటిక చెప్పదు. విజయంతో మనిషి అన్వేషణ ముగిసిపోదని మాత్రం గుర్తు చేస్తుంది. పాఠశాల వార్షికోత్సవానికి ఇటువంటి ఇతివృత్తాన్ని ఎంచుకోవడం యాదృచ్ఛికం కాదు.

డిసెంబరు 2: క్రీడా మైదానం

రెండో రోజు, అంటే పాఠశాల స్థాపన దినాన, క్రీడా మైదానంలో వ్యాయామ విన్యాసాలు జరుగుతాయి. వయసును బట్టి ఏర్పరచిన బృందాలు ఒక్కొక్కటీ తమ ప్రత్యేక వర్ణపు దుస్తుల్లో మైదానంలోకి వస్తాయి. కవాతు, సామూహిక డ్రిల్లు, జిమ్నాస్టిక్స్, ఆసనాల వంటి ప్రదర్శనలు ఇందులో ఉంటాయి. చిన్నారులతో పాటు పెద్దవారు కూడా పాల్గొంటారు. సామూహిక డ్రిల్లులో మెరికల వంటివారిని విడిగా ముందు వరుసలో నిలబెట్టి మిగిలినవారిని ప్రేక్షకులను చేసే అవకాశం లేదు. ఒక్కరి అడుగు తప్పినా వరుస అంతా చెదురుతుంది కనుక, బలహీనుడైన బిడ్డను సిద్ధం చేయడం బృందం మొత్తానికీ బాధ్యత అవుతుంది.

శారీరక విద్యకు ఇక్కడ 1945 నుంచి క్రమబద్ధమైన స్థానం లభించింది. ఆ విభాగానికి ప్రణబ్ కుమార్ భట్టాచార్య దీర్ఘకాలం సారథ్యం వహించారు. బాలికలకు బాలురతో సమానంగా ఒకే రకమైన వ్యాయామాలు నేర్పడం, అందుకు అనువుగా నిక్కర్లు, చొక్కాలను ప్రవేశపెట్టడం 1940 దశకంలో సాహసోపేతమైన నిర్ణయాలే.

1949 ఫిబ్రవరి 21న శారీరక విద్య బులెటిన్ అనే త్రైమాసిక పత్రిక వెలువడింది. పిల్లల వ్యాయామ కార్యకలాపాలతో ముడిపడిన ఆ పత్రిక కోసమే శ్రీ అరవిందులు తమ చివరి గద్య వ్యాసాలు రచించారు. శరీర పరిపూర్ణత వాటిలో ఒక ముఖ్యాంశం. దేశంలోనే అగ్రశ్రేణి తత్వవేత్త తన చివరి ఆలోచనలను ఒక పాఠశాల వ్యాయామ పత్రికకు అందించడం అరుదైన విషయం.

విద్యాకేంద్రంలో పోటీలు అసలే లేవనుకోవడం పొరపాటు. పరుగు, ఈత, జిమ్నాస్టిక్స్ వంటి అంశాల్లో పోటీలు నిర్వహిస్తారు. అయితే వార్షికోత్సవానికి కేంద్రం విజేతల పట్టిక కాదు. ఏడాది పొడవునా చేసిన సాధనను అందరూ కలిసి ప్రదర్శించడమే అక్కడి వేడుక.

ఈ మార్గానికి చెల్లించే మూల్యం

పట్టా లేకపోవడం చిన్న విషయం కాదు. ప్రభుత్వ ఉద్యోగానికి, వైద్య, ఇంజినీరింగ్ ప్రవేశాలకు గుర్తింపు పొందిన ధ్రువపత్రం తప్పనిసరి. ఆ దారిలో వెళ్లదలచిన విద్యార్థి అందుకు విడిగా సన్నద్ధం కావలసిందే. ధ్రువపత్రం కోరుకునేవారికి వేరే విద్యాసంస్థలు అనేకం ఉన్నాయనీ, జ్ఞానం కోసమే చదవాలనుకునేవారికి ఈ కేంద్రమనీ శ్రీమాత స్పష్టం చేశారు. ఆ ఎంపిక ప్రతి కుటుంబానికీ సాధ్యమయ్యేది కాదు. కుటుంబంలో తొలిసారి బడి మెట్లు ఎక్కిన బిడ్డకు పదో తరగతి ధ్రువపత్రమే జీవితంలో ముందుకు సాగడానికి తొలి ఆధారం కావచ్చు.

ఈ విధానం నిలదొక్కుకోవడానికి ప్రత్యేక పరిస్థితులు కూడా కారణం. ఉపాధ్యాయుల్లో అధికులు వేతనం ఆశించని ఆశ్రమవాసులు. విద్యార్థుల సంఖ్య పరిమితం కావడంతో ఒక్కొక్కరిపై శ్రద్ధ వహించడం సాధ్యమవుతుంది. ఒకే తరగతిలో అరవై మంది ఉన్న పాఠశాలకు దీనిని యథాతథంగా వర్తింపజేయలేము.

ఇతర పాఠశాలలకు అందే పాఠం

పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని ప్రభుత్వ పాఠశాలలు ఇటీవల సీబీఎస్ఈ విధానంలోకి మారాయి. అంతకుముందు పుదుచ్చేరి, కారైకాల్ పాఠశాలలు తమిళనాడు పాఠ్యప్రణాళికను, మాహే కేరళ విధానాన్ని, తెలుగు ప్రాంతమైన యానాం ఆంధ్రప్రదేశ్ విధానాన్ని అనుసరించేవి. బోర్డు ఏదైనా ఫలితాల రోజున చర్చ మాత్రం మార్కుల చుట్టూనే తిరుగుతుంది. పదో తరగతి ఫలితాల్లో ర్యాంకుల ప్రకటనలు గుప్పించరాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో పాఠశాలలను ఆదేశించవలసి రావడం ఈ ధోరణి తీవ్రతకు నిదర్శనం. జాతీయ విద్యావిధానం 2020 కూడా విద్యార్థి ప్రగతి పత్రం సమగ్రంగా ఉండాలని సూచించింది. ఉపాధ్యాయుల అంచనాతో పాటు విద్యార్థి స్వీయ అంచనాకు, తోటివారి అభిప్రాయానికి అందులో చోటు కల్పించాలని పేర్కొంది.

పరీక్షలను రద్దు చేయడం సాధారణ పాఠశాలల చేతిలో లేదు. వార్షికోత్సవం తీరును మార్చుకోవడం మాత్రం పూర్తిగా వాటి చేతిలోనే ఉంది. ప్రతి విద్యార్థికీ కనీసం ఒక కార్యక్రమంలో పాత్ర కల్పించవచ్చు. మొదటి స్థానంతో పాటు, నిరుటి కంటే మెరుగుపడిన విద్యార్థిని కూడా పేరు పెట్టి అభినందించవచ్చు. తెర వెనుక రంగాలంకరణ చేసినవారిని, తోటివారికి పాఠం చెప్పినవారిని వేదికపైకి పిలవవచ్చు. ఇందుకు అదనపు నిధులు గానీ, ప్రత్యేక అనుమతులు గానీ అవసరం లేదు. ప్రతి బిడ్డ గురించి చెప్పదగిన ఒక మంచి విషయాన్ని ఏడాది పొడవునా గమనించి గుర్తుంచుకునే ఉపాధ్యాయులు ఉంటే చాలు.