క్రౌన్ పినియన్‌కు తిమింగలం నూనె

1970 దాకా అమెరికా కార్ల వెనక ఇరుసుల్లో తిమింగలం ఉండేది. వేళాకోళం కాదు. స్పెర్మ్ వేల్ అనే జాతి తిమింగలం తలలోంచి, కొవ్వులోంచి తీసిన నూనెకు గంధకం పట్టించి గేర్ ఆయిల్‌లో కలిపేవారు. నడిసముద్రంలో వేల అడుగుల లోతుకు మునిగే జంతువు ఒంట్లోది, రోడ్డు మీద పరుగెత్తే కారు డిఫరెన్షియల్‌లో పళ్లు అరగకుండా కాచేది. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం ఈ తిమింగలాన్ని అంతరించిపోతున్న జీవాల పట్టీలో చేర్చి దిగుమతికి అడ్డుకట్ట వేసింది. రసాయనవేత్తలు బదులు కోసం వెతుకుతూ చివరికి ఎడారిలో పెరిగే జొజోబా పొద గింజల దగ్గరికి చేరారు.

ఇది చదివాక నాకు మోర్తాడ్ గుర్తొచ్చింది. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి పోయే 63వ నంబర్ జాతీయ రహదారి మీది ఊరు. పసుపు, మొక్కజొన్న, ఎర్రజొన్న పండే నేల. ఇక్కడ ఆయిల్ దుకాణంలో నిలబడితే వినబడేవి నంబర్లే. ‘నైంటీ ఇయ్యి’, ‘వన్‌ఫార్టీ ఉందా’. ఈమధ్య కొత్తగా ‘సింథటిక్ ఏస్తే మంచిదంటున్నరు, నిజమేనా?’ అన్న ప్రశ్న కూడా. గల్ఫ్‌లో డ్రైవింగ్ చేసి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న అది. దానికి జవాబు చెప్పాలంటే ఎడ్లబండి దగ్గర మొదలుపెట్టాలి.

బండి ఇరుసుకు కందెన పెట్టడం ఒక తంతు. సీల ఊడదీసి, చక్రాన్ని కాస్త బయటికి లాగి, ఆముదంలో గడ్డి కాల్చిన మసి కలిపి రుద్దేవారు. ఆ కందెన ఉన్న వెదురు గొట్టం బండి కిందే వేలాడుతుండేది. పెట్టడం మరిస్తే ఊరంతా వినేలా ఇరుసు ఏడ్చేది. ఆముదమే ఎందుకంటే, దాని అణువు ఒక కొసతో ఇనుమును పట్టుకుని వదలదు. నేలలోంచి తీసే ఖనిజ నూనెకు ఆ గుణం లేదు, బరువు పడితే పక్కకు జారుకుంటుంది. తిమింగలం నూనెదీ పట్టుకునే గుణమే. మన తాతలు, అమెరికా ఇంజనీర్లు ఒకే కిటుకు మీద బతికారన్నమాట.

అయితే ఎడ్లబండికి డిఫరెన్షియల్ అక్కర్లేదు. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం పోవాలి. బండి ఇరుసు కదలదు, రెండు చక్రాలూ దేనికదే తిరుగుతాయి, లాగేవి ఎడ్లు. చిక్కు వచ్చిందల్లా చక్రాన్నే తిప్పి బండిని నడిపించాలనుకున్నప్పుడు. 1827లో ఒనెసిఫోర్ పెక్యూర్ అనే ఫ్రెంచి గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం దీనికి విరుగుడుగా డిఫరెన్షియల్ కనిపెట్టాడు. అంతకుముందు చైనాలో దక్షిణం చూపే రథం ఉండేదంటారు గానీ, దాని లోపల ఏముండేదన్నది పండితుల తగవు. దాన్ని దాటేద్దాం.

1877లో ఇంగ్లండులో జేమ్స్ స్టార్లీ కథ మాత్రం దాటలేను. ఆయన, కొడుకు విలియం పక్కపక్కన కూర్చుని ఇద్దరూ పెడళ్లు తొక్కే బండి మీద గుట్ట ఎక్కుతున్నారు. కొడుకు బలం ఎక్కువై బండి పక్కకు లాగింది, విలియం పోయి దురదగొండి పొదలో పడ్డాడు. రెండు చక్రాలకూ బలం సమంగా పంచే గేరు ఉండాలని స్టార్లీకి అప్పుడు తట్టిందట. సైకిళ్ల చరిత్రలో అందరూ చెప్పుకునే ముచ్చట ఇది. తర్వాత విక్టోరియా రాణి ఆయన మూడు చక్రాల బండ్లు కొనుక్కుంది.

ఇక నాకు బాగా ఇష్టమైన ఘట్టం. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో విలియం గ్లీసన్ అనే ఐరిష్ వలసదారు 1874లో కోసుగా ఉండే బెవెల్ గేర్ల పళ్లు చెక్కే యంత్రం చేశాడు. ఆయన కూతురు కేట్ చిన్నతనంలోనే తండ్రి కార్ఖానాలో లెక్కలు చూడటానికి వచ్చింది. 1884లో కార్నెల్‌లో ఇంజనీరింగ్ చదవడానికి చేరింది. ఇంట్లో డబ్బుకు కటకటై తిరిగి రావలసి వచ్చింది. తర్వాత యంత్రాలు అమ్మడానికి ఊరూరా తిరిగింది, 1893లో ఒంటరిగా యూరప్ పోయి ఆర్డర్లు పట్టుకొచ్చింది. ఆడమనిషి గేర్ల గురించి మాట్లాడుతుంటే వినడానికైనా కొనేవాళ్లు తలుపు తీసేవారని ఆమెకు తెలుసు. గ్లీసన్ యంత్రాన్ని హెన్రీ ఫోర్డ్ ఒక స్త్రీ చేసిన అద్భుతమని పొగిడితే, అది నాన్న పని అని దిద్దింది. 1914లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం ఆమెను సభ్యురాలిగా తీసుకుంది. అలా పూర్తి సభ్యత్వం పొందిన మొదటి మహిళ ఆమే. మన దగ్గర ఏ షెడ్డులోనైనా డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్, అంటే పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత, విప్పిపెట్టినప్పుడు ఆ వంపు పళ్ల వెనక ఈ కుటుంబం ఉందన్న సంగతి మిస్త్రీలకు ఎవరూ చెప్పలేదు. ఐటీఐ పుస్తకాల్లో ఒక్క పేరా పెట్టినా బాగుండేది.

కేట్ కంపెనీ వదిలి వెళ్లిన చాలా ఏళ్లకు, 1920లలో, ఆ గ్లీసన్ కార్ఖానా నుంచే హైపాయిడ్ గేరు వచ్చింది. 1926లో ప్యాకార్డ్ కార్లు దాన్ని ఎత్తుకున్నాయి. అంతకుముందు పినియన్ క్రౌన్‌కు సరిగ్గా నడుమ కూర్చునేది. హైపాయిడ్‌లో కిందికి జరిగింది. దాంతో డ్రైవ్ షాఫ్ట్ దిగింది, కారు అడుగు దిగింది, సోకు పెరిగింది. కానీ పన్ను పన్ను మీద దొర్లడం తగ్గి పొడవునా రాచుకుంటూ జారడం మొదలైంది. మామూలు నూనె పొర అక్కడ నిలవదు. పళ్లు గీరుకుపోయి చెడిపోయేవి. ఫోర్డ్ మోడల్ టి రోజుల్లో ఆవిరి ఇంజన్ సిలిండర్లకు వాడే చిక్కటి నూనె పోస్తే సరిపోయేది, ఇప్పుడది చాల్లేదు. అప్పుడు నూనెలోకి సీసం సబ్బు, గంధకం, క్లోరిన్ దిగాయి, వాటితోపాటు మన తిమింగలం కూడా. రాపిడికి వేడెక్కిన చోట గంధకం ఉక్కుతో కలిసి పలచటి పొర కడుతుంది. పన్ను బదులు ఆ పొర అరుగుతుంది. గేర్ ఆయిల్ డబ్బా మూత తీయగానే ముక్కుకు కొట్టే వాసన ఆ గంధకానిదే. ఈరోజు డబ్బా మీద కనబడే జీఎల్-5 గుర్తు హైపాయిడ్ ఇరుసులకు గంధకం, భాస్వరం దండిగా పట్టించిన నూనెది. జీఎల్-4లో ఆ మందు తక్కువ. గేర్‌బాక్సుల్లో ఇత్తడి రింగులు ఉంటాయి కనుక కంపెనీ జీఎల్-4 అడిగిన చోట జీఎల్-5 పోస్తే ఆ మందు ఇత్తడినే తినే ప్రమాదం ఉంది. ‘ఎక్కువ నంబర్ ఎక్కువ మంచిది’ అన్న లెక్క ఇక్కడ పనికిరాదు.

ఆముదం మాత్రం ఊరుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంజనే గిరగిరా తిరిగే రోటరీ విమానాలకు అదే నూనె, ఎందుకంటే అది పెట్రోల్‌లో కరగదు. పొగతోపాటు దాన్ని పీల్చిన పైలట్ల కడుపుల సంగతి మన అమ్మమ్మలకు చెప్పక్కర్లేదు. జెట్ విమానాలు వచ్చాక ఆముదం నుంచి తీసే సెబాసిక్ ఆమ్లంతో ఎస్టర్ నూనెలు చేశారు. జెట్ ఇంజన్ల సింథటిక్ నూనెల్లో తొలితరం అవే. ఇప్పటి సింథటిక్ గేర్ ఆయిల్‌లో ముఖ్యభాగం పీఏఓ, అంటే చమురు శుద్ధిలో దొరికే వాయువులనుంచి ఒకే తీరు అణువులుగా కట్టిన నూనె. దానితో ఒక తంటా ఉంది. ఒంటరిగా ఉంటే రబ్బరు సీళ్లను కుదింపజేస్తుంది, అందుకే చాలా కంపెనీలు కాస్త ఎస్టర్ కలుపుతాయి. ఆముదం బిడ్డ మళ్లీ ఇరుసు దగ్గరికే వచ్చింది. ఆముదం పంటలో మాత్రం గుజరాత్ ముందుకు పోయి, నల్లగొండ, మహబూబ్‌నగర్ వెనకబడిపోయాయి. నాకు అది కష్టంగానే ఉంటుంది.

మళ్లీ మోర్తాడ్ వైపు వద్దాం. 1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తయ్యాక ఈ జిల్లాలో చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోకెల్లా పెద్దదని చెప్పుకునేవారు. 1932లో 27 బస్సులతో మొదలైన నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ జనానికి మోటారు ఇరుసును పరిచయం చేస్తే, చెరుకు బండ్ల బారు ఎడ్లనుంచి ట్రాక్టర్లకు మారి కందెన గొట్టాన్ని అటకెక్కించింది. 2015 డిసెంబరులో బోధన్ గేటు మూతపడింది, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట యూనిట్ కూడా. చెరుకు ట్రాలీలు లాగిన ట్రాక్టర్లు ఇప్పుడు పసుపు కొమ్ములు, వడ్లు లాగుతున్నాయి. కార్ఖానాలతోపాటు వాటి వర్క్‌షాపులూ పోయాయి. నూనెను చేతివేళ్ల మధ్య రుద్ది, వాసన చూసి, మాడిందో లేదో చెప్పే పనివాళ్లను తయారుచేసిన బడులు అవి.

సరే, సింథటిక్ వేయాలా? డబ్బా మీద 75డబ్ల్యూ-90 అని ఉంటే మొదటి అంకె చలికి సంబంధించినది. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా నూనె కదులుతుందని దానర్థం. మోర్తాడ్‌లో ఆ చలి ఎవరి ముత్తాతా చూడలేదు. ఇక్కడ డబ్బు పెట్టాల్సింది రెండో కొసకి. మే నెల 45 డిగ్రీల ఎండలో, లోడుతో, గంటల తరబడి పోయే లారీకి, వ్యానుకు, దూరాలు తిరిగే జీపుకు సింథటిక్ త్వరగా మాడదు, ఎక్కువ కాలం నడుస్తుంది. ఊళ్లో తిరిగే పాత బండికి మంచి 80డబ్ల్యూ-90 ఖనిజ నూనెను వేళకు మారిస్తే చాలు. 90 అంకె చూసి ఇంజన్ ఆయిల్ కంటే రెండింతలు చిక్కన అనుకోకండి. గేర్ల కొలబద్ద వేరు, అది దాదాపు 40, 50 నంబర్ ఇంజన్ ఆయిల్ చిక్కదనమే. బ్రేకులు నూనెలో మునిగే ట్రాక్టర్ హౌసింగ్‌లో మాత్రం జీఎల్-5, సింథటిక్ అయినా సరే, పోయొద్దు. కంపెనీ పుస్తకంలో రాసిన వెట్ బ్రేక్ ఆయిలే పోయాలి.

ఏ నూనె కొన్నా, మార్చే రోజు ముందుగా పై ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే కింది డ్రెయిన్ ప్లగ్ విప్పమని మిస్త్రీకి చెప్పండి.