గుమ్మం పక్కన రంగుల పట్టీ

నేను ఈ దేశం వచ్చింది 1993లో, ఫ్లోరిడాకి. అక్కయ్య స్పాన్సర్ చేసింది. తెనాలిలో ఎం.కామ్. చదివి వచ్చినవాడికి ఇక్కడ దొరికిన మొదటి ఉద్యోగం బావగారి కన్వీనియెన్స్ స్టోర్‌లో, రాత్రి పదకొండు నుంచి పొద్దున్న ఏడు దాకా. మొదటి రాత్రి నాకు వింతగా కనిపించింది తలుపు పక్కన నిలువునా అతికించిన రంగుల పట్టీ. దాని మీద అడుగులు, అంగుళాలు. మా ఇంట్లో నాన్నగారు ప్రతి ఉగాదికీ మమ్మల్ని గుమ్మానికి ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీత గీసేవారు. ఇదీ అలాంటి సరదాయే అనుకున్నాను.

"బావగారూ, ఇది పిల్లల కోసమా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "దోచుకుని పోయేవాడి ఎత్తు పోలీసులకు చెప్పడానికోయ్. వాడు బయటికి పోతున్నప్పుడు తల ఏ రంగు దగ్గరికొచ్చిందో చూసుకో. అంతకు మించి ఏమీ చెయ్యకు. అడిగింది ఇచ్చెయ్."

ఆ కొట్లో ఇంకా కొన్ని వింతలుండేవి. రిజిస్టర్‌లో 50 డాలర్లకు మించి ఉండదని తలుపు మీద నోటీసు. మిగతా డబ్బంతా కౌంటర్ కింద ఇనప్పెట్టె సందులో వేసేస్తే మళ్ళీ మా చేతికి రాదు. అద్దాల మీద ఒక్క కాగితం లేదు. పార్కింగ్‌లో పెళ్ళిపందిరంత వెలుతురు. పైగా రాత్రిళ్ళు నాతో పాటు ఇంకో మనిషి. ఇదంతా బావగారి జాగ్రత్తే అనుకుని ఆయన మీద గౌరవం పెంచుకున్నాను. అదంతా చట్టమని, రెండో మనిషి జీతం ఇస్తున్నందుకు ఆయన నెలనెలా తిట్టుకునేవారని తర్వాత తెలిసింది. ఆ చట్టం ఎలా పుట్టిందో తెలుసుకునేసరికి నాకు నలభై దాటాయి. అప్పటికి చెయ్యవలసిన తప్పు చేసేశాను కూడా.

అసలు అర్ధరాత్రి కొట్టు తెరిచి ఉంచడమనేది పాత ఆచారమేమీ కాదు. 1927లో డాలస్‌లో మంచుగడ్డలమ్మే ఒక కంపెనీ రేవు దగ్గర పాలు, గుడ్లు, రొట్టె కూడా అమ్మడం మొదలుపెట్టారు. అదే పెరిగి పెరిగి 1946లో సెవెన్ ఇలెవెన్ అయింది. పొద్దున్న ఏడు నుంచి రాత్రి పదకొండు దాకా అని ఆ పేరుకి అర్థం. 1963 ప్రాంతంలో ఆస్టిన్‌లో ఒక కొట్టు రాత్రంతా తెరిచి ఉంచితే బేరం బాగుంది. పేరులోని పదకొండుకి అర్థం అక్కడితో పోయింది. ఊరంతా దీపాలార్పాక వెలుగుతున్న ఒకే ఒక గది, అందులో డబ్బు, ఒంటరి మనిషి. దొంగలకు ఇంతకన్నా ఏం కావాలి?

1970ల నాటికి ఈ బెడద ఎంత ముదిరిందంటే, ఆ కంపెనీ వాళ్ళు కాలిఫోర్నియాలోని ఒక పరిశోధన సంస్థతో కలిసి ఈ సంగతి దొంగలనే అడిగారు. జైలు జీవితం గడిపి వచ్చిన రే జాన్సన్ అనే మాజీ దొంగ వాళ్ళకు సలహాదారు. దొంగ కన్నుతో కొట్టుని చూస్తే తేలినది ఇది: వాడు ముందు చూసేది డబ్బెంతుంది, పారిపోయే దారేది అని. కెమేరాని వాడు అంతగా లెక్క చెయ్యడు. అందుకని డబ్బు తగ్గించారు, తగ్గించామని బోర్డు పెట్టారు, అద్దాల మీది పోస్టర్లు పీకేశారు, దీపాలు పెంచారు. పనివాళ్ళకు ఎదిరించవద్దని నేర్పారు. అరవై కొట్లలో ఇలా చేసి, ఏ మార్పూ చెయ్యని కొట్లతో పోల్చి చూస్తే దోపిడీలు 30 శాతం తగ్గాయి. 1975లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. తుపాకీ కొనకుండా, గోడ కట్టకుండా వచ్చిన ఫలితమిది!

దీన్ని చట్టం దాకా తీసుకెళ్ళింది ఫ్లోరిడాలోని గెయిన్స్‌విల్ ఊరు. 1981 నుంచి 1986 దాకా ఆ ఊళ్ళో ఉన్న 47 కన్వీనియెన్స్ స్టోర్లలో 45 దోపిడీకి గురయ్యాయి. పోలీసు చీఫ్ వేలండ్ క్లిఫ్టన్ లెక్కలు తీయించాడు, జైళ్ళలో ఉన్న దొంగలతో మాట్లాడించాడు. ఒక్కడే ఉన్న కొట్టంటే తమకిష్టమని వాళ్ళు చెప్పారు. 1986లో నగరం ఆర్డినెన్స్ తెచ్చింది. పోస్టర్లు, దీపాలు, పెట్టె, కెమేరా వరకు యజమానులు సణుక్కుంటూనే ఒప్పుకున్నారు. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా ఇద్దరు మనుషులుండాలనే దగ్గర మాత్రం గొడవ మొదలైంది. కోర్టుకెక్కారు, ఓడిపోయారు. 1987లో ఇద్దరి నియమం అమల్లోకి వచ్చాక దోపిడీలు బాగా తగ్గాయని ఊరి పోలీసులన్నారు. అదే సమయంలో ఒక దొంగల ముఠా పట్టుబడింది గనక తగ్గాయి, రెండో మనిషి వల్ల కాదు అని వ్యాపారుల సంఘం పరిశోధకుణ్ణి పెట్టి మరీ వాదించింది. ఈ వాదన ఈ రోజుకీ పూర్తిగా తెగలేదు. నా మటుకు నాకు ఒక అనుమానం: దీపాల ఖర్చు ఒక్కసారిది, మనిషి ఖర్చు ప్రతి రాత్రిదీ. వాదన అంతా అక్కడే ఎందుకు ఆగిందో కొట్టు నడిపిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

1990లోను, మళ్ళీ 1992లోను ఫ్లోరిడా రాష్ట్రం మొత్తానికీ చట్టం వచ్చింది. దోపిడీయో హత్యో జరిగిన కొట్లో రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా ఇద్దరు మనుషులుండాలి. లేదా గుండు దూరని అద్దాల గది, లేదా కాపలాదారు, లేదా తలుపు మూసి కిటికీలోంచి అమ్మకం. బావగారి కొట్లో అంతకు ముందు ఏడు దోపిడీ జరిగిందట. అందుకే నాకు తోడు దొరికింది. దేశం మొత్తానికి మాత్రం అలాంటిదేదీ రాలేదు. 1998లో ఓషా వారు మంచి సలహాల పుస్తకమొకటి వేశారు. సలహాలే, శాసనం కాదు.

1999లో నేను డాలస్ చేరాను. టెక్సాస్‌లో ఫ్లోరిడాలాంటి చట్టం లేదు. 2001 వేసవిలో సొంత కొట్టు కొనుక్కున్నాను. సెప్టెంబర్ 11 తర్వాత మా చుట్టుపక్కల ఏం జరిగిందో అప్పుడు ఇక్కడున్నవాళ్ళు మరిచిపోలేరు. ఒకే మనిషి మూడు వారాల్లో ఒక పాకిస్తానీ కొట్టు యజమానినీ, మెస్కీట్‌లో ఒక గుజరాతీ గ్యాస్ స్టేషన్ యజమానినీ కాల్చి చంపాడు. మధ్యలో రయీస్ భూయా అనే బంగ్లాదేశ్ కుర్రవాణ్ణి మొహం మీద కాల్చాడు. భూయా దోపిడీ అనుకుని డబ్బు తీసి కౌంటర్ మీద పెట్టాడు. వచ్చినవాడికి డబ్బు అక్కర్లేదు, "నీదే దేశం?" అనడిగి కాల్చాడు. ఒక కన్ను పోయినా బతికిన భూయా, తర్వాత ఆ మనిషికి మరణశిక్ష వద్దని కోర్టుల చుట్టూ తిరిగాడు. 2011లో శిక్ష అమలయింది.

ఆ భయంలో కౌంటర్ కింద తుపాకీ పెట్టుకున్నాను. చెయ్యవలసిన పనులు మాత్రం చెయ్యలేదు. సిగరెట్ల కంపెనీ, బీరు కంపెనీ పోస్టర్లకు డబ్బిస్తాయి. అద్దాలన్నీ నింపేశాను. రాత్రి పనికి మన ఖమ్మం జిల్లా కుర్రాణ్ణి పెట్టుకున్నాను. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడు బయట పని చెయ్యకూడదని ఇద్దరికీ తెలుసు. ఫీజు కట్టుకోవాలి వాడికి, మనిషి చవగ్గా కావాలి నాకు.

2004 ఫిబ్రవరిలో తెల్లవారుజామున ఇద్దరు వచ్చి తుపాకీ మడమతో వాడి చెవి మీద కొట్టి డబ్బు పట్టుకుపోయారు. నేను వెళ్ళేసరికి చెవిలోంచి రక్తం కారుతోంది. "అంకుల్, పోలీసులకు చెప్పకండి, వీసా పోతుంది" అని చేతులు పట్టుకున్నాడు. వాడి మాట కాదనలేక ఊరుకున్నానని మా ఆవిడకి చెప్పాను. నిజానికి ఆ మాట నాకూ అవసరమైంది. టెక్సాస్‌లో పనివాళ్ళకు గాయాల ఇన్సూరెన్స్ కట్టడం యజమాని ఇష్టం. నేను కట్టలేదు. కట్టినా కాగితాల్లో లేనివాడికి ఏం వస్తుంది? ఆసుపత్రి బిల్లు నా జేబులోంచి ఇచ్చి, దానినే ధర్మమనుకున్నాను. వాడికి ఆ చెవి ఇప్పటికీ వినపడదు.

అప్పుడే లైబ్రరీల్లో కూర్చుని ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను. నార్త్ కరొలైనాలో పనిచోట జరిగిన హత్యల మీద 2002లో వచ్చిన పరిశోధన, రాత్రిపూట ఎవరినీ ఒంటరిగా ఉంచకపోవడం, బయట గట్టి వెలుతురు ప్రాణాలు కాపాడతాయని చెప్పింది. అదే బృందం 2005లో ఇంకో మాట చెప్పింది: తుపాకులను అనుమతించిన చోట పనివాళ్ళు హత్యకు గురయ్యే అవకాశం, ఆయుధాలు నిషేధించిన చోటికన్నా సుమారు ఐదు రెట్లు ఎక్కువ. నా తుపాకీ అమ్మేశాను. పోస్టర్లు పీకేశాను. 2008లో డాలస్ నగరం కెమేరాలు, ఇనప్పెట్టె, అలారం, ఖాళీ అద్దాలు ఉండాలని ఆర్డినెన్స్ చేసి 2010 నుంచి అమలు చేసినప్పుడు నాకు కొత్తగా చెయ్యడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. రెండో మనిషి సంగతి మాత్రం అందులోనూ లేదు.

2023లో కొలంబస్‌లో, 2024లో షికాగో దగ్గర, 2025లో డాలస్ ప్రాంతంలో గ్యాస్ స్టేషన్లలో పనిచేస్తున్న మన తెలుగు విద్యార్థులు తుపాకీ గుళ్ళకు బలయ్యారు. ప్రతిసారీ మన సంఘాలు శవాన్ని ఇంటికి పంపడానికి చందాలు పోగుచేశాయి. నేనూ ఇచ్చాను. ఆ కొట్లలో రాత్రి ఎంతమంది ఉండాలి అని మన సభల్లో అడిగినవాళ్ళను నేను చూడలేదు. ఆ సభల్లో ముందు వరసలో కూర్చునే వాళ్ళలో కొట్ల యజమానులమూ ఉంటాం మరి.

కొట్టు అమ్మేసి రెండేళ్ళయింది. కొన్నతను కూడా మనవాడే. బేరమప్పుడు "పోస్టర్లకి నెలకెంత వస్తుందంకుల్?" అని అడిగాడు. పై సంగతంతా చెప్పాను, చెవి సంగతితో సహా. ఆ మధ్య ఒక రాత్రి పన్నెండు దాటాక అటు వెళ్ళాను. అద్దాలు ఖాళీగానే ఉన్నాయి, రోడ్డు మీదనుంచే లోపలంతా కనిపిస్తోంది. కౌంటర్ వెనక ఒక్క కుర్రాడున్నాడు. లోపలికి వెళ్ళి అక్కర్లేకపోయినా ఒక పాల గాలన్ తీసుకుని, ఇంకెవరైనా వచ్చేదాకా వాడితో కబుర్లు చెబుతూ నిలబడ్డాను.